కాదు నుంచి సరే దాకా

“కాదంటే కాదు,” అంది ధాత్రి, లాప్‌టాప్ వంక చూడకుండానే.

తిరుమల్ ప్రాణం ఉసూరుమంది. శుక్రవారం సెలవు మధ్యాహ్నం కావడంతో ఆ ఎడారి నగరంలోని ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఆంధ్రా మెస్ కిటకిటలాడుతోంది. ధాత్రి సరేనంటేనే పెళ్ళి. లేకపోతే లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు కాబట్టే బెట్టు ఇంకాస్త పెంచింది.

“అమ్మ ఎప్పుడో ఒప్పుకుంది కదా!” అన్నాడు దీనంగా.

“అమ్మది మెత్తటి మనసు. నాది కాదు. పందెం గుర్తుందిగా?”

మర్చిపోతేగా! “కాదు” అన్న మాటను “సరే”గా మార్చాలి. ఒక్కోసారి ఒక్క అక్షరమే మార్చాలి. మధ్యలో వచ్చే ప్రతిదీ అసలైన తెలుగు మాటే అయి ఉండాలి. “సరే”కి ముందు “సరి” తప్పకుండా రావాలి. ధాత్రి వేళాకోళానికి పెట్టిన ఈ షరతును తిరుమల్ ఆఫీసు ప్రాజెక్టు కన్నా శ్రద్ధగా నెత్తికెత్తుకున్నాడు. నిఘంటువంతా కంప్యూటర్‌కెక్కించి ప్రోగ్రాం రాశాడు.

“ముందు ‘కాదు’కి ఒక్క అక్షరం తేడాలో ఉన్న మాటలన్నీ చూస్తుంది. తర్వాత వాటి పక్క మాటలు, ఆపైన వాటి పక్కవి. అలా వెతుక్కుంటూ పోతే మొదట తగిలేదే దగ్గరి దారి. అదీ అల్గారిథమ్,” అంటూ మీట నొక్కాడు.

కాదు – కారం – సరం – సరి – సరే.

ధాత్రి నవ్వబోయి ముఖం బిగించుకుంది. “కంప్యూటర్ నడిచింది. ఇక మీరు నడవండి. మొదట కారం.”

మిరపకాయ బజ్జీల ప్లేటు వచ్చింది. తిరుమల్‌కు చారులో మిరియం తగిలినా ఎక్కిళ్ళు వస్తాయి.

“మా ఇంటి వంటలకు ఇది శాంపిల్ మాత్రమే. తినండి.”

తిన్నాడు. కళ్ళు, ముక్కు ఏకమయ్యాయి. మెస్ కుర్రాడు జాలిపడి మజ్జిగ గ్లాసు తెచ్చి పెట్టాడు.

తర్వాత సరం. పక్కనున్న కిరాణాకొట్టుకు పరుగెత్తి, పొద్దున విమానంలో దిగిన మల్లెల సరం పట్టుకొచ్చాడు.

“నేను పూలు పెట్టుకోనని తెలీదా?” అని దెప్పుతూనే ధాత్రి దాన్ని నలగకుండా సంచిలో సర్దుకుంది.

“ఇక మిగిలింది సరి,” అంది. గొంతులో వేళాకోళం తగ్గింది. “మా నాన్నతో మీరు సరితూగుతారా?”

అల్ అజీజియా పేటలోని వాళ్ళింటి హాల్లో దండ వేసి ఉన్న ఆయన ఫోటో తిరుమల్‌కు గుర్తొచ్చింది. దారంతా బట్టీపట్టిన జవాబులన్నీ ఎగిరిపోయాయి. నిజంగానే భయం వేసింది. ఇక్కడ మాట జారితే అంతా అయిపోయినట్టే. అయినా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“తూగను. ఆయన కుర్చీ ఆయనదే, ధాత్రీ. నేను ఇంకోటి తెచ్చుకుని పక్కన వేసుకుంటాను. అదీ వద్దంటే నిలబడే ఉంటాను.”

ధాత్రి కళ్ళు తుడుచుకోవడం చూసి తిరుమల్ కంగారుపడ్డాడు.

“బజ్జీ ఘాటు తగిలిందా?”

“నేను తినలేదుగా,” అంది. తర్వాత లాప్‌టాప్ మూసి అతని వైపు జరిపింది.

“సరే, మా అమ్మను చేసుకోండి.”