ముసలి గాడిద గడ్డిమోపు

ఒక అడవిలో సింహం కొలువుకు ఒక గాడిద బతుకంతా నీళ్లు మోసింది. అది ముసలిదయ్యాక, రోజుకో గడ్డిమోపు ఇస్తానని సింహం మాటిచ్చింది.

కరువొచ్చి వాగు ఎండిపోయింది. మిగిలిన ఒక్క మడుగునూ అడవిదున్న ఆక్రమించింది. నీళ్లు తాగనివ్వడానికి మొదట గుప్పెడు గడ్డి అడిగేది, తర్వాత సగం మోపు, చివరికి మోపంతా.

గాడిద కొలువుకెళ్లింది. "ప్రభూ, మోపు కాస్త పెంచండి. తాగితే తిండి లేదు, తింటే నీళ్లు లేవు."

"ఏనాడైనా ఒక్క పరక తగ్గించానా?" అంది సింహం.

"తగ్గించలేదు ప్రభూ. నా కడుపులోకి చేరేదే తగ్గింది."

"ఆలోచిస్తాంలే, వెళ్లు."

గాడిద మోపంతా దున్నకిచ్చి, నీళ్లు తాగి, మడుగు గట్టునే కూలబడింది. మళ్లీ లేవలేదు.

ఇప్పుడు కొలువుకు నీళ్లు మోసే కంచరగాడిద దాన్ని చూస్తూ కాసేపు నిలబడింది. ఆ తర్వాత నీళ్ల తిత్తులతో కొలువు దారి పట్టింది.