పక్కలో ఉండకూడనివి

"నిద్రలో బోర్లా పడిపోతున్నాడు డాక్టరుగారూ! రాత్రంతా రెప్ప వాల్చకుండా కాపలా కాస్తున్నాం," అన్నాడు తండ్రి. ఆయన కళ్లు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకున్న తల్లి ఆవలింత ఆపుకుంది.

"ఏ వైపు తిరుగుతున్నాడు?" అని అడిగింది డాక్టరు.

"కుడివైపే. నేనే లేచి వెల్లకిలా వేస్తుంటాను."

"ఎడమవైపు," అంది భార్య. "కుడిపక్కన మీరు మొద్దులా పడుకుని ఉంటారుగా. వాడూ పాపం కాళ్లతో తన్ని చూశాడు. మీరు కదలకపోయేసరికి ఇటు తిరగడం నేర్చుకున్నాడు."

తండ్రి గోడమీది టీకాల పట్టిక శ్రద్ధగా చదవసాగాడు.

డాక్టరు నవ్వు దాచుకుంది. "పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా వేయండి. వాడంతట వాడే అటూ ఇటూ దొర్లుతుంటే మాటిమాటికీ తిప్పక్కర్లేదు. కానీ పరుపు గట్టిగా ఉండాలి. దిండ్లు, దుప్పట్లు, ఊపిరికి అడ్డొచ్చేదేదీ పిల్లాడి పక్కలో ఉండకూడదు."

"ఇవాళే అన్నీ తీసేస్తామండీ!" అన్నాడు తండ్రి హుషారుగా.

"దిండ్లూ దుప్పట్లూ నేను నిన్ననే తీసేశాను," అంది భార్య. "ఇక మీరొక్కరే మిగిలారు."