ఇరవైమూడు సెకన్లు

మొదటి దాంట్లో ఈ చప్పుడు లేదు. పరశురామ్‌కి బాగా గుర్తు. దాన్ని చెవుల మీంచి తీసి రెండు నిమిషాలు కూడా కాలేదు. అదే ఫోను, అదే అమ్మ గొంతు, అవే ఇరవైమూడు సెకన్లు. ఈ రెండో హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక మాత్రం మాటల వెనక ఏదో వినబడుతోంది. ఆగి ఆగి వస్తోంది. చెడిపోయిన వస్తువు చేసే రొద కాదు. దానికొక లయ ఉంది. అదే అతన్ని కలవరపెడుతోంది.

"అన్నా, ఇదేందో చప్పుడు చేస్తాండాది."

షాపు సిద్దేశ్ దాన్ని లాక్కుని తన చెవికి ఆనించుకున్నాడు. "సెట్టు బాగనే ఉండాదప్పా. ఆ గలాటె నీ రికార్డింగులోనే ఉండాది. నూటయాభైది నీకు చెప్పలేదు, నాలుగునూర్లది చెప్తాంది. అంతే తేడా." తర్వాత అతని ముఖంలోకి చూసి నవ్వాడు. "అవునప్పా, కౌల్ బజార్‌కు వచ్చినోళ్ళంతా పాట పెట్టి చూస్తారు. నువ్వేంది, మీ అమ్మ మాటలు పెట్టుకోని చూస్తాండావు?"

"పాఠాలు వినేదానికి, అన్నా. పాటలతో నాకేం పని?"

అబద్ధం కాదు. పాఠాలన్నీ ఫోనులోనే ఉన్నాయి. సత్యనారాయణపేట గదిలో నలుగురు, కాలేజీ బస్సులో అరవై మంది, పరీక్షకు నెల గడువు. పొద్దున డబ్బు పంపి, వెనకే ఈ మాటలు పంపింది అమ్మ. ఆమెకు రాయడం రాదు. చెప్పాలనుకున్నది ఫోనుకే చెప్పి పంపుతుంది.

మళ్ళీ నొక్కాడు.

"పర్శూ, మంచిదే తీసుకో నాయనా. దుడ్డుకు యోచన చేయొద్దు. నేను ఇంట్లోనే ఉండా. యాడికీ పోలే. కూసోని టీవీ చూస్తాండా. నువ్వు బాగ చదువుకో."

గిన్నెలు కడుగుతోందేమో. గిన్నెలైతే గలగలమంటాయి. ఇది అలా లేదు. బట్టలు జాడిస్తోందా? అదీ కాదు. ముందొక పెద్ద చప్పుడు, దేన్నో బురదలోంచి పీకినట్టు. వెంటనే చిన్నవి మూడు, నీళ్ళలో వేళ్ళు ముంచినట్టు. మళ్ళీ పెద్దది. చిన్నప్పుడు గట్టు మీద కూలోళ్ళ అన్నం క్యారియర్లకు కాపలా కూర్చుని రోజంతా విన్న చప్పుడు. అది ఏ పని చప్పుడో తెలిసినా అతను ఆ పేరు పలకలేదు. కాలవకు నీళ్ళు వదిలి వారమైందన్న సంగతి మాత్రం దానంతటదే గుర్తుకొచ్చింది.

ఎండాకాలంలో అమ్మ పడిపోయినప్పుడు డాక్టరు అతన్ని పక్కకు పిలిచి చెప్పాడు. "గుండె ఉబ్బింది. ఇక వంగి పని చేయనివ్వకు. ఇంకోసారి పడిపోతే నా దగ్గరికి తెచ్చినా లాభం లేదు." ఇక కూలికి పోనని ఆ రోజు అమ్మ అతని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

"ఇదొకటి చూడప్పా." సిద్దేశ్ మూడోదాన్ని తీశాడు. "మడిస్తే అరచేతిలో పడతాది. చెవులు పూర్తిగా మూసేస్తాది. బజారంతా బంద్!"

నిజంగానే బజారంతా ఆగిపోయింది. ఆటోల హారన్లు, పక్క షాపు బేరాలు, సిద్దేశ్ నవ్వు, అన్నీ ఒక్కసారిగా పోయాయి. నొక్కకుండా తీసేస్తే బాగుండు అనుకున్నాడు. అనుకుంటూనే నొక్కాడు.

"ఇంట్లోనే" అన్న మాటకూ "ఉండా" అన్న మాటకూ మధ్య ఒక ఎగశ్వాస ఉంది. ఇందాక అమ్మ ఆలోచించుకోవడానికి ఆగిందనుకున్నాడు. ఆ వెనక నీళ్ళు. నీళ్ళకవతల చాలామంది గాజులు. చివర్లో, ఇరవయ్యో సెకను దగ్గర, దూరంగా గట్టు మీంచి అమ్మను కేకేస్తూ కూలీల మేస్త్రీ హంపయ్య గొంతు.

"యల్లమ్మా, మాటలు చాలు! నీ సాలు వెనకబడతాంది!"

వరి నాట్లలో ఒకరి సాలు వెనకబడితే గుంపంతా ఆగాలి. అలా ఆపినవాళ్ళను రేపు పిలవరు. అందుకే ఆడవాళ్ళు ఫోనును తలగుడ్డలో చెవి పక్కన దోపుకుని, నారు వదలకుండానే మాట్లాడతారు. "బాగ చదువుకో" అని అమ్మ ఎందుకంత హడావిడిగా ముగించిందో ఇప్పుడు అర్థమైంది.

బొటనవేలు ఆమె నంబరు మీదికి పోయింది. చేస్తే ఏమంటుందో తెలుసు. ఇంట్లోనే ఉండా నాయనా అంటుంది. తనేమంటాడో కూడా తెలుసు. అరుస్తాడు, ఏడుస్తాడు, పని మానేయమంటాడు. వారం తిరక్కుండా గది బాడుగ కావాలంటాడు. ఆమె అబద్ధం కన్నా తన కోపమే పెద్ద అబద్ధమని అతనికి అనిపించింది. వేలు తీసేశాడు.

"ఏమప్పా, ముఖం అట్ల పెట్టినావు?" హెడ్‌ఫోన్ తీయగానే సిద్దేశ్ గొంతు వినబడింది. "రేటుకు భయపడితివా? నూరు తగ్గిస్తా, ఆయ్తా?"

మూడూ గాజు బల్ల మీద వరసగా ఉన్నాయి. అమ్మ పంపిన డబ్బుకు మూడోది వస్తుంది. ఎవరో ఇంకొకరి చెయ్యి కదిలినట్టు పరశురామ్ చెయ్యి కదిలి మొదటిదాన్ని అందుకుంది. తేలికపాటి ప్లాస్టిక్ గలగలమంది.

"అయ్యో, అదా? అంత తేడా విన్నాక గూడా మళ్ళీ ఆ డబ్బా ఎందుకప్పా?"

పరశురామ్ నూటయాభై తీసి బల్ల మీద పెట్టాడు.

"దీంట్లో మా అమ్మ ఇంట్లోనే ఉండాదన్నా."