ఎలుగుబంటి ఏమంది?

నవ్వు నాలుగు విధాల చేటన్నారు. అమెరికాలో అడిరాండాక్ కొండల్లోని ఆ క్షయ ఆసుపత్రిలో అయిదో చేటు కూడా ఉండేది. నవ్వితే ఊపిరితిత్తి చిట్లేది.

క్షయకి మందు పుట్టని రోజులు. మందల్లా మంచుగాలే!

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా రోగులంతా వరండాలో దుప్పట్లు కప్పుకుని, మూతులు కట్టుకుని పడుకోవాలి. మాట్లాడకూడదు. నవ్వనే కూడదు.

సరిగ్గా ఆ వేళకే వార్డు పనివాడు లెమ్యూ, ఎడమ భుజం వాల్చుకుని, తుడుపుకర్రతో రోగి హబ్బెల్ మంచం దగ్గరికి వచ్చాడు.

"ఏమయ్యా హబ్బెల్, ఓ ఎలుగుబంటి మంగలి షాపుకెళ్ళింది, తెలుసా?"

"పోవయ్యా! విశ్రాంతి వేళ."

"కుర్చీలో కూర్చుంది. మంగలికి చేతులు వణుకుతున్నాయి. 'గడ్డమా, క్రాపా దొరా?' అన్నాడు. అదేమందో తెలుసా?"

"ఏమంది?"

"గురువారం చెబుతా."

గురువారం హబ్బెల్‌కి ఆపరేషన్. ఊపిరితిత్తిలో పడ్డ గొయ్యి మూసుకోవాలని పక్కటెముకలు తీసేసి ఛాతీ అణచేస్తారు. అది అయినవాళ్ళని వేరే భవనానికి మారుస్తారు. జబ్బు ఊసు వరండాలో నిషిద్ధం. కత్తి కింద ఏం జరుగుతుందో చెప్పేవాడే లేడు.

హబ్బెల్‌కి ఒళ్ళు మండింది. ఎముకలు పోయేవాడితో ఎకసెక్కమా! పోయిన నెలే పక్క మంచం కానర్ పకపకా నవ్వి, రక్తం కక్కి పోయాడు.

"మేం బతకడానికొచ్చాం, నీ వేళాకోళానికి కాదు! భుజంతోపాటు బుద్ధి కూడా వంకరేనా?"

"భుజం సంగతీ గురువారమే," అన్నాడు లెమ్యూ, తుడుచుకుంటూ.

హబ్బెల్ కాగితం తెప్పించుకుని సూపరింటెండెంటుకి ఫిర్యాదు రాశాడు. బుధవారం సాయంత్రానికి లెమ్యూ పెట్టె సర్దుకుని ఆల్బనీ బస్సెక్కాడు.

"పీడ పోయింది," అనుకున్నాడు హబ్బెల్.

గురువారం వచ్చింది. పాడైన ఊపిరితిత్తి పూర్తి మత్తుకి తట్టుకోదని వీపుకి తిమ్మిరి సూది మాత్రం ఇచ్చారు. హబ్బెల్‌కి తెలివి ఉంది. చెవులూ ఉన్నాయి.

కటక్.

"అదేం చప్పుడు?"

"మొదటి ఎముక. కదలకు," అంది నర్సు ఆస్ట్రాండర్.

కటక్.

"అమ్మో! ఇంకెన్ని?"

"ఈ పూటకి ఇంకొకటి. ఇలాంటి పూటలు ఇంకో రెండున్నాయి."

"ఎవరైనా నా చెయ్యి పట్టుకోండమ్మా!"

"పట్టుకునేవాణ్ణి నువ్వేగా తగిలేశావు!" ముఖానికి కట్టుకున్న గుడ్డ మీంచి నర్సు కళ్ళు నిప్పులు కురిశాయి. "ఏడు ఎముకలు ఈ బల్ల మీదే పోగొట్టుకుని భుజం వాలినవాడయ్యా! పదకొండేళ్ళుగా ప్రతి ఆపరేషన్‌కీ, నీ తల దగ్గరున్న ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. వరండాలో సగం కథ, కత్తెర పడ్డప్పుడు మిగతా సగం. నవ్వు ఆపుకునే అవస్థలో ఒక్కరికీ ఈ చప్పుడు వినపడేది కాదు."

హబ్బెల్ తల తిప్పి చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది.

కటక్.

"ఎలుగుబంటి... ఏమంది నర్సమ్మా?"

"నాకేం తెలుసు! అది రోగి చెవిలో తప్ప చెప్పేవాడు కాదు."