ముక్కు జారిన ఛాంపియన్

పాత ఛాంపియన్ ముక్కు జారి గడ్డం మీదికొచ్చింది.

మైనపు బొమ్మల మ్యూజియం మేనేజరు ఆ ముక్కును చూసి "ఛీ" అన్నాడు. పొద్దుటి నుంచి అది నలభయ్యో ఛీ. ముందటి ముప్పైతొమ్మిదీ బావమరిది ఖాతాలోవే.

బొమ్మ మొహం బాగా కనబడాలని బావమరిది పెద్ద దీపం తెచ్చి జానెడు దూరంలో పెట్టాడు. ఆర్పడం మర్చిపోయి ఇంటికెళ్ళాడు. తెల్లారేసరికి, ప్రపంచాన్ని గడగడలాడించిన హెవీవెయిట్ మొహం నేల మీద పడ్డ ఐస్‌క్రీమ్‌లా అయింది. చెవులు రెండూ భుజాల మీద విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఎడమ కన్ను ఛాతీ దాకా ప్రయాణించింది.

ఆ రోజే ప్రారంభోత్సవం. హాలు మధ్యలో అసలు సిసలు బాక్సింగ్ రింగు కట్టించారు. అందులో నలభై ఏళ్ళ కిందటి ఛాంపియను, ఇప్పటి ఛాంపియను ఎదురెదురుగా నిలబడతారు. ఇద్దరూ ఒకే కాలంలో పుట్టి తలపడి ఉంటే ఎవరు గెలిచేవారో జనం చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి.

"ముఖ్య అతిథి ఎవరన్నది అప్పటిదాకా రహస్యం. ఆ సంగతి నేను చూసుకుంటా, కారు పంపిస్తున్నా. రింగు సంగతి నువ్వు చూసుకో. ఏ తేడా వచ్చినా రేపట్నుంచి నీ కుర్చీలో ఇంకొకడుంటాడు" అని యజమాని ముందే చెప్పాడు.

"బావా, ఒక ఉపాయం" అన్నాడు బావమరిది.

"నీ ఉపాయాలకి ముక్కులు ఊడిపోతున్నాయిరా."

"విను బావా. పొడుగాటి మనిషిని ఒకణ్ణి నిలబెట్టేద్దాం. తలమీదికి టోపీ ఉన్న అంగీ, మొహానికి అడ్డంగా గ్లవ్స్. ఎవడు కనిపెడతాడు? కూలీల మేస్త్రీకి ఫోన్ చేశా. పంపిస్తానన్నాడు."

తొమ్మిదిన్నరకి వెనక తలుపు తోసుకుని పొడుగాటి ముసలాయన ఒకడు లోపలికొచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి.

"నన్ను రమ్మన్నారు" అన్నాడు.

"ఎప్పుడు రమ్మంటే ఎప్పుడొచ్చావయ్యా? అయినా ఇంత ముసలాణ్ణా పంపేది! ఛీ."

ముసలాయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"సిఫార్సు ఉత్తరాలు తర్వాత చూద్దాం. నిన్ను పిలిచింది మాట్లాడ్డానికి కాదు, నిలబడ్డానికి. కదలకూడదు. రెప్ప వెయ్యకూడదు. ఊపిరి కూడా పొదుపుగా పీల్చు."

ముసలాయన రింగు వైపు చూశాడు. కారిపోయిన ముక్కును చూశాడు. అవతల నిలబడ్డ ఇప్పటి ఛాంపియన్ బొమ్మను పైనుంచి కింది దాకా చూశాడు. పెదవి చివర ఏదో కదిలింది. కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

"సరే."

కరిగిన బొమ్మను వెనక గదిలోకి నెట్టి, ముసలాయనకి అంగీ తొడిగారు. మొహానికి మైనం రంగు పూశారు. ముసలాయన గ్లవ్స్ పైకెత్తి నిలబడగానే మేనేజరుకి ఒళ్ళు మండింది.

"అలా కాదయ్యా! ఛాంపియన్ ఏనాడైనా చేతులు అలా పెట్టాడా? బాక్సింగ్ మొహం చూశావా ఎప్పుడన్నా?"

రెండు చేతులూ పట్టి లాగి, దోమలు తోలుతున్న భంగిమలో సర్దాడు.

పది గంటలకు తలుపులు తెరిచారు. ముఖ్య అతిథి జాడ లేదు. డ్రైవరు ఫోన్ ఎత్తడు. "పెద్దమనుషులట, పెద్దమనుషులు! థూ" అని మేనేజరు రిబ్బను తనే కత్తిరించాడు.

జనం ఎగబడ్డారు. ఒక మేనమామ, మేనల్లుడు తాడు పట్టుకుని వాదన మొదలెట్టారు.

"మూడో రౌండులో మావాడు మీ ముసలాణ్ణి మడతేసి మూల పెడతాడు మావయ్యా."

"నీ మొహం. ఆయన ఎడమ చెయ్యి విసిరితే ఆ గాలికే మీవాడికి జలుబు చేస్తుంది. ఆయన దెబ్బకి పడ్డవాడొకడు ఇంతవరకూ లేవలేదు. పింఛను కూడా పడుకునే తీసుకుంటున్నాడు."

"మరి ఈ బొమ్మేంటి, తనే పింఛను కోసం వచ్చినట్టుంది?"

మావయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఛీ ఛీ, ఇది ఆయనా? నేను ముందు వరసలో కూర్చుని చూశాన్రా. ఆయన చెమట చుక్క నా మీద పడింది. ఇదిగో ఈ చొక్కా మీదే. ఆనాటి నుంచీ ఉతకలేదు."

పక్కనున్నావిడ ముక్కు మూసుకుని నాలుగడుగులు జరిగింది.

"ఈ ముక్కు ఆయనది కాదు. ఈ బొజ్జ ఆయనది కానేకాదు" అని మావయ్య తీర్పు చెప్పేశాడు.

ఒకడు నోట్లోంచి బబుల్‌గమ్ తీసి పాత ఛాంపియన్ మోకాలికి అంటించాడు. ఇంకొకడు పొట్టలో వేలితో పొడిచి, "మెత్తగా ఉంది. నాసిరకం మైనం" అన్నాడు. మూడోవాడు అంగీ అంచుకి చెయ్యి తుడుచుకున్నాడు. దేని తర్వాత తుడుచుకున్నాడో అడక్కపోవడమే మంచిది.

"అమ్మో, బొమ్మకి చెమట పడుతోంది!" అని ఎవరో అరిచారు.

"మైనం అండీ. వేడికి" అన్నాడు మేనేజరు, తన చెమట తుడుచుకుంటూ.

ముసలాయన మాత్రం కదలలేదు.

పన్నెండింటికి హాలు ఖాళీ చేయించి డబ్బా విప్పారు. నాలుగు వందల చీటీల్లో పాత ఛాంపియన్‌కి పడినవి మూడు. మావయ్య కూడా పార్టీ మార్చేశాడు.

ముసలాయన టోపీ వెనక్కి తోసి, తువ్వాలుతో మొహం మీది రంగు తుడుచుకుంటున్నాడు. మేనేజరు తాళ్ళ మీంచి వంగి అరిచాడు.

"చూశావా నీ నిర్వాకం? ఆ మహానుభావుడి పరువు గంగలో కలిపావు. ఆయన కాలిగోటికి సరిపోవు నువ్వు!"

అప్పుడే యజమాని పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. వెనకే కారు డ్రైవరు.

"ఏడయ్యా మన ముఖ్య అతిథి?"

"రానే లేదండీ. ఇచ్చిన మాటంటే లెక్కలేని మనుషులు. అసహ్యమేసిందనుకోండి."

డ్రైవరు బిత్తరపోయాడు.

"అదేంటి సార్, పాత ఛాంపియన్ గారిని తొమ్మిదిన్నరకే వెనక తలుపు దగ్గర నేనే దింపాను, అదుగో, రింగులో మొహం తుడుచుకుంటున్నారుగా!"