తేదీ చెబితేనే పాప

"తేదీ చెప్పండి," అంది లీడరు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

బయట నిలబడ్డ మనిషి తల గోక్కున్నాడు. "నేను పాప నాన్నని, మేడమ్."

"వచ్చినవాళ్లందరూ ఆ మాటే అంటారు. తేదీ."

గదిలో వెనక కుర్చీలో కూర్చున్న మాస్టారు మీసాల్లో నవ్వుకున్నాడు. పిల్లల క్లబ్బుల్లో జీతం లేకుండా పనిచేయడానికి వచ్చే లీడర్లకు పిల్లల రక్షణ నేర్పడం ఆయన పని. భార్య పోయినప్పుడే ఆయన నోట్లోని తీపి కూడా పోయింది. వెనకాల అందరూ ముళ్లకంప అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కంచె అన్నాక ముళ్లుండాలి.

ఈ విడతలో చేరినవాళ్లంతా గుమ్మం దగ్గరే బోల్తా పడ్డారు. మాస్టారు పంపిన దొంగ మేనమామ "మామయ్యనండీ" అనగానే ఒకడు పిల్లాణ్ని అప్పజెప్పేశాడు. ఇంకొకామె చొక్కా ఇస్త్రీ చూసి నమ్మింది. మిగిలింది ఈమె ఒక్కతే. ఇవాళ నిలబడితే బ్యాడ్జీ వస్తుంది. లేకపోతే మళ్లీ వచ్చే ఏడాదే.

ఈ మనిషిని మాత్రం మాస్టారు పంపలేదు. నిజంగానే వచ్చాడు.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఇంట్లో అనుకున్న రహస్య మాట చెప్పాలి. గుమ్మం దగ్గర చుట్టరికాలు చెల్లవని మాస్టారు నిన్ననే బల్ల గుద్ది మరీ చెప్పాడు.

"మా ఆవిడ మా పెళ్లి తేదీ పెట్టింది మేడమ్," అన్నాడతను గొంతు తగ్గించి. "చొక్కా తడిసి ముద్దయిందని గుర్తు. ఎండాకాలం. ఆఁ, మే పన్నెండు."

"కాదు."

"పద్నాలుగా?"

"అసలది ఎండాకాలమే కాదు. తడిసింది వానకి."

ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి. నిబంధన మీద ఇంత పట్టుదల ఉన్న మనిషిని మాస్టారు ఇన్నేళ్లలో చూడలేదు.

గోడవారన పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. "నాన్నా, నేను చెప్పనా?"

"నోరు మూసుకుని కూర్చో," అంది లీడరు.

పిల్లలతో కాస్త మెత్తగా మాట్లాడాలి. ఆ ఒక్కటే లోటు అనుకున్నాడు మాస్టారు.

"మీకు తెలియనిదేముంది మేడమ్. ఉత్త మతిమరుపు మనిషిని. ఇంటికెళ్లాక మా ఆవిడ కాళ్లు పట్టుకుంటా."

"ముందు తేదీ పట్టుకోండి."

మాస్టారికి ముచ్చటేసింది. లేచి వచ్చాడు.

"పెళ్లి తేదీ తెలియనివాడికి పిల్లనెవరిస్తారయ్యా," అని అతనికో చురక అంటించి, జేబులోంచి బ్యాడ్జీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నేర్పితే ఇట్లా నేర్చుకోవాలమ్మా. సరే, రహస్య మాట చెప్పలేకపోతే తర్వాతేం చెయ్యాలి?"

ఆమె మొదటిసారి తడబడింది. "తల్లికి ఫోన్ చెయ్యాలి సార్."

"చెయ్యి మరి."

"మీరే చెయ్యండి సార్."

"ఆవిడకెందుకండీ ఇప్పుడు," అన్నాడు బయటి మనిషి. "ఇంకొక్క నిమిషం ఆలోచించుకుంటా."

"ఆలోచించింది చాలు," అని మాస్టారు పాప వైపు తిరిగాడు. "అమ్మ నంబరు వచ్చా తల్లీ?"

పాప గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మాస్టారు అంకెలు నొక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

లీడరు తన చేతిసంచిలో మోగుతున్న ఫోన్ తీసి, మొహంలో ఏ మార్పూ లేకుండా, "చెప్పండి సార్, పాప వాళ్లమ్మనే మాట్లాడుతున్నా, ఆయన్ని ఇంకాసేపు బయటే నిలబెట్టండి," అంది.