గోడమీది కన్ను

గల్ఫ్‌లో కాపురం పెట్టిన ప్రతి ఇంటి గోడకూ వీసావాళ్ల కన్నొకటి ఉంటుంది. వచ్చింది నిజంగా భార్యేనా అని ఏడాదంతా చూసి తేలుస్తుంది. లింబాద్రికి ఆ భయం లేదు. గంగామణిని ఊరంతా చూస్తుండగా తాళికట్టి తెచ్చుకున్నవాడాయె.

వీసా రెన్యువల్ రోజున గోడ తెలుగులోనే పలికింది: "ఈమె వండి వడ్డిస్తుంది. ఆయన తిని లేచాక వంటగదిలో ఒక్కతే తింటుంది. ఆయన ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. ఈమె భార్య కాదు, పనిమనిషి. ఆ వీసాకే మారుస్తున్నాం."

లింబాద్రికి తల కొట్టేసినట్టయింది. కాదందామంటే అందులో ఒక్క అబద్ధమూ దొరకలేదు.

"నువ్వన్న చెప్పరాదే, నా పెండ్లానివని!" అన్నాడు.

గంగామణి కొంగుకు చేతులు తుడుచుకుంటూ గోడవైపు తిరిగింది.

"పనిమనిషికైతే వారానికొక దినం సెలవిస్తరట గదా, నిజమేనా?"